ఆ పది కిలోమీటర్లు
(ముందుమాట)

ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 94.5 కిలోమీటర్లు. పన్వేల్ పక్కన కళంబోలి దగ్గర ఎక్కితే పుణె శివార్లలో కివళే దగ్గర దిగుతాం. ఈ పుస్తకంలో సగానికి సగం పేజీలు అందులో ఓ పది కిలోమీటర్లకే పోయాయి. ఖోపోలి దాటాక కొండ ఎక్కడం మొదలైన చోటునుంచి ఖండాలా దాకా ఉన్న బోర్ ఘాట్ ముక్క అది. తూకం తప్పిందని సమీక్షకులు ఎవరైనా అనవచ్చు. ఉద్యోగమంతా రోడ్లు భవనాల శాఖలో గడిపి, ఘాట్ రోడ్ల మీద కాళ్లరిగేలా తిరిగినవాడిగా నా మాట వేరు. కొండ రోడ్డు మంచీ చెడూ తేలేది దాని అతి కష్టమైన చోటనే. మైదానంలో ఎనభై కిలోమీటర్లు ఎంత నున్నగా వేసినా, ఆ పదీ సరిగ్గా లేకపోతే బండి ఆగేది అక్కడే, మనిషి పోయేది అక్కడే. ఈ సంగతి పట్టుకున్నందుకే ఈ పుస్తకానికి నాలుగు మాటలు రాయడానికి ఒప్పుకున్నాను.

రాసినమ్మాయి సోలాపూర్‌లో స్థిరపడ్డ చేనేత కుటుంబం పిల్ల. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు, రోడ్డు పనుల్లో క్వాలిటీ కంట్రోల్ చూసింది. "సార్, మరాఠీలో రాస్తే చదివేవాళ్లు ఎక్కువ కదా అంటున్నారు అందరూ" అని ఫోనులో అంది ఓసారి. "అమ్మా, అక్కడివాళ్లకు ఆ ఘాట్ ఇంటి గుమ్మం. మనవాళ్లకే చెప్పాలి" అన్నాను. ఉత్త మాట కాదది. పుణెలో బయల్దేరి సోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా వచ్చే జాతీయ రహదారి ఒకటుంది. ఇప్పుడు 65వ నంబరు, మా రోజుల్లో 9వ నంబరు. హైదరాబాద్ నుంచి ముంబైకి సరుకు వేసుకెళ్లే లారీలూ, రాత్రి బస్సులూ ఆ దారినే పోయి చివరికి ఈ ఘాట్ దిగాల్సిందే. ఇన్నేళ్లుగా దిగుతూనే ఉన్నాం గాని ఆ ఘాట్ కథ తెలుగులో ఇంత వివరంగా ఎవరూ చెప్పగా నేను చదవలేదు.

చరిత్ర అధ్యాయాలు ముందు రావడం మంచి పని. సహ్యాద్రి మీదికి ఇక్కడ దారి పడటానికి కారణం ప్రభుత్వాలూ కాదు, కాంట్రాక్టర్లూ కాదు. కొండ తానే కాస్త వంగి ఇచ్చిన సందు. కొంకణ తీరంలోని సోపారా, కళ్యాణ్ రేవుల నుంచి పైఠాన్, తేర్ పట్టణాలకు పోయే వర్తకుల బిడారులు రెండు వేల ఏళ్ల కింద ఈ చుట్టుపక్కల కనుమలే ఎక్కాయి. కార్లా, భాజే గుహలు ఆ దారి పక్కనే పుట్టాయి. కార్లా గోడ మీద వాసిష్ఠీపుత్ర పులుమావి శాసనం ఉంది. అదే పులుమావి పేరు మన అమరావతి రాళ్ల మీదా కనిపిస్తుంది. రచయిత్రి ఈ విషయం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయింది. నేనైతే రెండు పేజీలు రాసేవాణ్ని, పాఠకుడు విసుక్కునేవాడు.

1661లో శివాజీ సేన మొగలు సర్దారు కారతలబ్ ఖాన్‌ను ఉంబర్‌ఖిండ్ ఇరుకులో పెట్టి ఓడించిన కథ ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ యుద్ధాన్ని ఈమె రోడ్డు ఇంజనీరు కళ్లతో చూసింది. పెద్ద సైన్యం, బరువు సామాను, ఇరుకు దారి, వెనక్కి తిరగడానికి చోటు లేదు. సెలవు రోజు సాయంత్రం ఇదే ఘాట్‌లో కార్లు ఇరుక్కుపోయినప్పుడు కూడా సరిగ్గా ఇదే జరుగుతుందని ఒక చురక వేసింది. నాకు నవ్వొచ్చింది, నిజమే కూడా.

బండ్లు పోయే రోడ్డు 1830లో పడింది, జాన్ మాల్కం బొంబాయి గవర్నరుగా ఉన్నప్పుడు. ఆ తర్వాత రైలు. పుస్తకంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసింది రైలు అధ్యాయమే. రోడ్డు పుస్తకంలో రైలు ఎందుకు అనేవాళ్లు ఆ అధ్యాయం చదివి మాట్లాడాలి. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్లీ గీసిన మార్గంలో 1856లో పని మొదలైంది. ఇరవై అయిదు సొరంగాలు. వాలు 37 అడుగులకు ఒక అడుగు. మలుపు తిప్పడానికి చోటు లేని ఒక కొండ అంచున రైలు ఆగి, ఇంజను అటునుంచి ఇటు మారి, వెనక్కి నడుస్తూ మిగతా కొండ ఎక్కేది. ఆ రివర్సింగ్ స్టేషన్ 1929 దాకా ఉంది. 1859 జనవరిలో కూలి డబ్బుల దగ్గర గొడవై పనివాళ్లు తిరగబడ్డారు, మొదటి కాంట్రాక్టరు పని వదులుకున్నాడు. తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ ఇంగ్లండ్ నుంచి దిగిన కొద్ది వారాలకే జబ్బుచేసి పోయాడు. అతని భార్య ఆలిస్ కాంట్రాక్టు తన మీద వేసుకుని, ఇద్దరు ఇంజనీర్లను పెట్టుకుని, పని పూర్తి చేయించింది. పని జోరుమీద ఉన్నప్పుడు ఆ కొండ మీద నలభై వేల పైచిలుకు మనుషులున్నారు. కలరా, పేలుళ్లు, జారిన రాళ్లు కలిసి వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. 1863 ఏప్రిల్‌లో గవర్నరు బార్టల్ ఫ్రెర్ లైను ప్రారంభించాడు. బర్క్లీ అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు.

పాత హైవే మీద శింగ్రోబా గుడి ఉంది. కొండ ఎక్కడానికి సులువైన జాడ దొరలకు చూపించింది ఒక ధనగర్ గొర్రెల కాపరి అనీ, పని అయ్యాక అతన్ని చంపేశారనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. డ్రైవర్లు బండి నెమ్మది చేసి చిల్లర విసిరి దండం పెట్టుకుని పోతారు. ఈ కథకు కాగితం రుజువు లేదని రచయిత్రి మొహమాటం లేకుండా రాసింది. రాసి, కథను మాత్రం తీసేయలేదు. ఇంజనీరు చేతిలో ఇంత పెద్దమనసు అరుదు. మా తరంవాళ్లమైతే రుజువు లేదన్న కారణం చూపించి కథను కొట్టిపారేసేవాళ్లం.

ఎక్స్‌ప్రెస్‌వే అసలు కథ 1990లో మొదలవుతుంది. పాత హైవే మీద బండ్లు కిక్కిరిసి, కొత్త దారి సాధ్యమేనా అని చూడమని ప్రభుత్వం రైట్స్ సంస్థకు, బ్రిటన్‌కు చెందిన ఒక కన్సల్టెంట్ కంపెనీకి అప్పగించింది. 1994లో వచ్చిన నివేదికలో ఖర్చు అంచనా 1,146 కోట్లు. 1997లో పని మహారాష్ట్ర రాష్ట్ర రహదారుల అభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది. అప్పుడు ప్రజాపనుల మంత్రి నితిన్ గడ్కరీ. ప్రైవేటు టెండరు 3,600 కోట్లన్నదనీ, కాదని ప్రభుత్వ సంస్థతోనే సగానికి తక్కువలో కట్టించామనీ ఆయన ఎన్నో సభల్లో చెప్పారు. చివరికి తేలిన ఖర్చు సుమారు 1,630 కోట్లు. మంత్రుల కథల్లో అంకెలు ఎప్పుడూ గుండ్రంగానే ఉంటాయి. ఈ పుస్తకంలో అవి విడివిడిగా, ఏది ఏ పనిదో తెలిసేలా ఉన్నాయి. 1998లో తవ్వకం మొదలై, 2000లో కొంత భాగం తెరిచి, 2002లో మొత్తం దారి వాడుకలోకి వచ్చింది. ఆరు వరసలు, పూర్తిగా కాంక్రీటు, చుట్టూ కంచె, టూవీలరుకూ ఆటోకూ ప్రవేశం లేదు. దేశంలో అలాంటి రోడ్డు అదే మొదటిది.

అయితే ఆ ఆరు వరసలూ ఘాట్ దగ్గరకొచ్చేసరికి ఏమయ్యాయి? పుస్తకానికి గుండెకాయ ఇదే. ఆడోశీ సొరంగం దగ్గర పాత నాలుగు వరసల హైవే వచ్చి కొత్త రోడ్డులో కలిసిపోతుంది. ఖండాలా దాకా రెండు రోడ్ల బండ్లూ ఒకే ఆరు వరసల్లో పోవాలి. ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయిందని పలకలు పాతిన రోజున కూడా ఇది అప్పుగా తెచ్చుకున్న కొండే. 1830 నుంచీ వాడుతున్న వంపుల్నే వెడల్పు చేసుకుని సర్దుకున్నారు. సర్దుకున్నారని తప్పుపట్టడం తేలిక. ఆ రోజు ఆ డబ్బుతో, ఆ గడువులో, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు సొరంగం తవ్వుదామంటే ఏ ఆర్థిక శాఖా సంతకం పెట్టేది కాదు. నేనక్కడ ఉన్నా అదే చేసేవాణ్ని. రచయిత్రి కూడా ఎవరినీ దోషిగా నిలబెట్టదు. తర్వాత ఆ అప్పుకు కట్టిన వడ్డీ ఎంతో మాత్రం లెక్కగట్టి చూపిస్తుంది.

ఆ వడ్డీ మొదట రాయి రూపంలో వచ్చింది. ఇక్కడి సహ్యాద్రి అంతా లావా పొరలు పేరుకుని ఏర్పడిన కొండ. ఆరున్నర కోట్ల ఏళ్ల కింద ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పారిన లావా అది. పొరల్లో కొన్ని ఉక్కులాంటి నల్లరాయి, కొన్ని బుడగలతో నిండిన గుల్లరాయి. రెండు పొరల నడుమ అక్కడక్కడా ఎర్రమట్టిలాంటి మెత్తని పట్టీ ఉంటుంది. వానాకాలం నాలుగు నెలల్లో లోనావాలా మీద పడే వాన మన కోస్తా జిల్లాల్లో మూడు నాలుగేళ్లకు కలిపి పడేదానికి తక్కువ ఉండదు. ఆ నీరు పగుళ్లలో దిగి ఎర్రపట్టీని నానబెడుతుంది. రోడ్డు వెడల్పు కోసం కొండను నిలువుగా కోసి, పేలుళ్లతో కొత్త పగుళ్లు కూడా చేర్చాం. 2015 జులైలో ఆడోశీ దగ్గర బండరాళ్లు నడుస్తున్న కార్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కొండవాలుకు ఉక్కు వలలు, రాతిలో దిగ్గొట్టిన బోల్టులు పెద్దఎత్తున వచ్చాయి. ఈ భాగం చదువుతుంటే నాకు తిరుమల గుర్తొచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1944లో పడిన మొదటి ఘాట్ రోడ్డు, 1974లో వచ్చిన రెండోది, ఎక్కే బండ్లకొకటి, దిగే బండ్లకొకటి అయ్యాయి. అక్కడా భారీ వానలకు రాళ్లు జారుతూనే ఉన్నాయి, కాని ఎదురెదురు బండ్ల బెడద తప్పింది. బోర్ ఘాట్‌లో అలా రెండో దారి వేసుకునే వెసులుబాటు లేకపోయింది.

రెండో వడ్డీ బ్రేకుల రూపంలో. దిగుడులో డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో బండి వదిలే అలవాటు మన లారీలకు ఈనాటిది కాదు. ఇంజను పట్టు తప్పితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాగి, పొగ వచ్చి, పట్టు వదిలేస్తాయి. పాత ఘాట్‌లో బండి మెల్లగా పోయేది కాబట్టి క్లీనరు రాయి చేత్తో పట్టుకుని వెనక టైరు వెంట నడుస్తూ, ఆగితే అడ్డం పెట్టేవాడు. వెడల్పాటి కాంక్రీటు మీద ఎనభైలో వచ్చే లారీకి ఏ రాయి అడ్డం పెడతాం? కార్లకు మైదానంలో వంద, ఘాట్‌లో అరవై అని పలకలున్నాయి. వంద మీద వచ్చినవాడికి అరవై నడకలా తోస్తుంది. రోడ్డు మంచిదైతే ప్రమాదాలు తగ్గుతాయని నమ్మినవాళ్లకు ఈ రోడ్డు గట్టి పాఠం చెప్పింది. 'జానే భీ దో యారో' సినిమాలో నటించిన మరాఠీ రంగస్థల నటి భక్తి బర్వే 2001లో ఈ రోడ్డు మీదే, భాతాణ్ సొరంగం దగ్గర ప్రమాదంలో పోయారు. 2016లో ఒక్క ఏడాది మృతులు 151 మంది. ఆ ఏడాది నుంచి సేవ్‌లైఫ్ ఫౌండేషన్, రహదారుల సంస్థ, ఒక వాహన కంపెనీ కలిసి ప్రతి ప్రమాద స్థలాన్నీ విడిగా పరిశీలించడం మొదలుపెట్టాక ఆ అంకె బాగా తగ్గింది. వాళ్లు చేసినవన్నీ చిన్న పనులే. రోడ్డు పక్క గట్టిగా నిలబడ్డ సిమెంటు దిమ్మెలకు రక్షణ రెయిలింగు, మధ్యలో డివైడరు తెగిన చోట పూడ్పు, ఆగిపోయిన లారీని తొందరగా తీసే ఏర్పాటు. కొత్త ఫ్లైఓవరు కన్నా ఇలాంటి పనులకు నిధులు రావడం కష్టం, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టే చోటు ఉండదు గనక. ఈ వాక్యం నాది. పుస్తకంలో ఆమె ఇంకా మర్యాదగా రాసింది.

అమృతాంజన్ వంతెన మీద రాసిన పేజీలు తెలుగు పాఠకులకు ప్రత్యేకం. లోనావాలా దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా బ్రిటిష్ కాలం నాటి రాతి వంతెన ఒకటి ఉండేది. అక్కడ పెట్టిన తలనొప్పి మందు ప్రకటన వల్ల ఆ వంతెనకు జనం అమృతాంజన్ అనే పేరు పెట్టేశారు. ఆ మందు 1893లో బొంబాయిలో తయారు చేసినవారు కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆ డబ్బుతోనే 1908లో అదే బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. ఒక తెలుగువాడి వ్యాపారం పేరు సహ్యాద్రి కొండ మీద అన్నేళ్లు నిలిచింది. వంతెన స్తంభాలు మాత్రం రోడ్డును పిసికేసేవి. దిగుడులో, మలుపులో, సరిగ్గా వరసలు ఇరుకయ్యే చోట ఉండేవి. 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పేలుళ్లతో దాన్ని కూల్చేశారు. పాతదాన్ని కాపాడాలనే మనసు నాదీ. అయినా ఈ విషయంలో రచయిత్రి తీర్పుతో ఏకీభవిస్తాను. తీసేయక తప్పలేదు. ఒక స్తంభాన్నైనా పక్కన నిలబెట్టి, పంతులుగారి పేరుతో పలక పెట్టి ఉంటే బాగుండేది.

అప్పు తీర్చే పని 2019లో మొదలైంది. మిస్సింగ్ లింక్ అని పిలిచే 13.3 కిలోమీటర్ల కొత్త దారి అది. ఖోపోలి దగ్గర విడిపోయి, ఘాట్ మలుపుల్ని పూర్తిగా వదిలేసి, లోనావాలా అవతల కుస్‌గావ్ దగ్గర మళ్లీ కలుస్తుంది. ఇందులో రెండు సొరంగాలు, పెద్దది దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, కొంత దూరం లోనావాలా చెరువు అడుగునుంచి పోతుంది. నడుమ లోయ మీద తీగల వంతెన, దాని స్తంభాల ఎత్తు 182 మీటర్లు. దూరం ఆరు కిలోమీటర్లు తగ్గుతుంది. లోయలో గాలి ఉధృతికి వంతెన నమూనాను ఎలా పరీక్షిస్తారు, సొరంగంలో నిప్పంటుకుంటే పొగ ఎటు లాగుతారు, ఒక గొట్టం నుంచి రెండో గొట్టంలోకి మనుషులు ఎలా దాటుతారు అన్నది ఎనిమిదో తరగతి పిల్లలకూ అర్థమయ్యేట్టు రాసింది.

మెచ్చుకోళ్లతో పాటు మొట్టికాయలు కూడా వేయకపోతే ఇది ముందుమాట కాదు, శుభలేఖ అవుతుంది. కాంక్రీటు అధ్యాయం బరువెక్కింది. నాలుగున్నర మీటర్లకో కోత ఎందుకు పెడతారు, ఆ కోతల్లో ఉక్కు కడ్డీలు ఎందుకు దాస్తారు అన్నంతవరకు బాగుంది. ఆ తర్వాతి పట్టికలు అనుబంధంలో పెట్టాల్సింది. అసలు కొరత మరొకటి. భూమి ఇచ్చిన మావళ్ ప్రాంతపు రైతుల గొంతు ఈ పుస్తకంలో సన్నగా వినిపిస్తుంది. కంచె వేసిన రోడ్డు ఊరిని రెండు ముక్కలు చేస్తుంది. అవతలి చేనికి పోవాలంటే ఏ అండర్‌పాస్ దాకానో తిరిగి రావాలి, ఎడ్లబండి అయినా సరే. ముంబై నుంచి పుణెకు తగ్గిన గంటలు లెక్కగట్టిన చోట, ఆ ఊళ్లలో పెరిగిన నడక కూడా లెక్కగట్టి ఉండాల్సింది. పటం కూడా లేదు. కనుమల పుస్తకానికి పటం లేకపోవడం ప్రచురణకర్తల పిసినారితనం. రెండో ముద్రణలో రెండు పటాలైనా వేయాలి, ఒకటి ఘాట్‌ది, ఒకటి లావా పొరల నిలువు కోతది.

ఆమె తెలుగు గురించి ఒక మాట. మరాఠీ నేల మీద పెరిగిన తెలుగు కనుక వాక్యం అక్కడక్కడా తడబడుతుంది. దిద్దమని టైపుప్రతి నాకే పంపింది. వ్యాకరణం తప్పినచోట దిద్దాను. నడక మాత్రం ముట్టుకోలేదు. లారీడ్రైవర్లతో, టోల్ నాకా కుర్రాళ్లతో, ఖండాలాలో చిక్కీ అమ్మే ఆడవాళ్లతో ఆమె మాట్లాడిన సందర్భాలు చదివితే నేను ఎందుకు ముట్టుకోలేదో పాఠకులకు తెలుస్తుంది.

చివరగా నా తోటి రిటైర్డు ఇంజనీర్లకు ఒక విన్నపం. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్ రోడ్ల మీద పనిచేసినవాళ్లు మనలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. మస్టర్ రోళ్లు, ఎం.బుక్కులు ఏ డివిజన్ ఆఫీసు మూలనో చెదలు తింటున్నాయి. ఎవరు ఎక్కడ మకాం వేశారో, ఏ మలుపు ఎందుకు మార్చారో, ఏ వానకు ఏ గోడ పోయిందో, ఆ పనిలో ఎవరు పోయారో మీకే తెలుసు. సోలాపూర్ పిల్ల సొంతూరు కాని కొండ గురించి ఇంత రాసింది. మన కొండల గురించి మీరు రాయండి. టైపు చేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను.